ఆఖరి వరస

"ఆరు" అన్నాడు నాన్న. కత్తెర ఒకసారి ఆడింది.

"మూడు, ఎనిమిది." రెండుసార్లు ఆడింది.

మెడదాకా గుడ్డ కప్పుకుని కుర్చీలో కూర్చున్న బ్యాంకు గుమాస్తాకి ఇదేం చోద్యమో అర్థం కాలేదు. అద్దంలోంచి మేస్త్రి మొహంలోకి చూశాడు.

"ఏంటి మేస్త్రీ, నా నెత్తి మీద ఎన్ని వెంట్రుకలు మిగిలాయో లెక్కపెడుతున్నావా?"

"లెక్కపెట్టడానికి ఉండాలి కదా సార్!"

గుమాస్తా పకపకా నవ్వాడు. షాపు మధ్యలో కట్టిన తెరకి ఇవతల, ఆడవాళ్ళ వైపు, ఒకావిడ కనుబొమలు దారంతో సవరిస్తున్న చిట్టికి మాత్రం నవ్వు రాలేదు. దారం కొస పళ్ళ మధ్య పట్టుకుని చెవులు అటే వేసి ఉంచింది. ఐదు, రెండు, తొమ్మిది. బాగానే చెప్పాడు నాన్న. నాలుగు, ఏడు, మూడు, ఆరు. ఇదీ బాగానే ఉంది. ఆఖరి వరస దగ్గరికొచ్చేసరికి కత్తెర ఆగిపోయింది.

"తొమ్మిది, ఐదు... తొమ్మిది, ఐదు... ఛ!"

"ఎనిమిది" అంది చిట్టి, పళ్ళు విడదీయకుండానే.

"ఎనిమిది, రెండు, నాలుగు" అని అందుకున్నాడు నాన్న. కత్తెర మళ్ళీ చకచకా నడిచింది.

కనుబొమలావిడ "అబ్బా, మెల్లిగా తల్లీ!" అని మూలిగింది. దారం కాస్త గట్టిగానే పడినట్టుంది. చిట్టి బొటనవేలితో ఆ చోట రుద్ది, "అయిపోయిందక్కా, ఇంకొక్క రవ్వంత" అని బుజ్జగించింది.

ఆ అంకెలు ఆస్పత్రిలో కళ్ళ పరీక్ష చేసే గదివి. గోడకి వెలుగు పెట్టె ఒకటి ఉంటుంది. దాని మీద పైన ఒక పెద్ద అంకె, కిందికి పోయేకొద్దీ చిన్నవి. నాన్న కుర్చీలో కూర్చుని ఒక కన్ను మూసుకుని వాటిని చదవాలి. చదివితే పక్క గదిలో మంచం మీద పడుకోబెట్టి మందు ఎక్కిస్తారు. చదవలేకపోతే ఎక్కించరు. నాన్న ప్రాణం ఆ పెట్టె మీద ఆధారపడి ఉందని తండ్రీకూతుళ్ళిద్దరూ గట్టిగా నమ్మారు. అందుకే ఈ బట్టీ.

నాన్నకి ఎముకల లోపలి గుజ్జులో కేన్సర్. ఉన్న మందులన్నీ వాడారు, ఒక్కటీ పనిచేయలేదు. ఇక ఇంటికి తీసుకెళ్ళండి అన్న మాట పెద్ద డాక్టరు నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. ఆగి, పరిశోధనలో ఉన్న కొత్త మందొకటి ఉంది, ప్రయత్నిద్దామా అని అడిగింది ఆవిడ. సంతకం పెట్టించుకునేముందు బోలెడు కాగితాలు ఓపిగ్గా చదివి వినిపించారు. ఏం లాభం! ఇద్దరి చెవుల్లోనూ 'మందు దొరుకుతుంది' అన్న ఒక్క ముక్కే పడింది. మందేమో మాయలా పనిచేసింది. మంచం దిగలేని మనిషి మళ్ళీ కత్తెర పట్టాడు, మళ్ళీ జోకులేస్తున్నాడు. కానీ ఆ మందు ఎముకలకి ఎంత మేలు చేసిందో కళ్ళకి అంత కీడు మొదలుపెట్టింది. నల్లగుడ్డు మీద పొర మసకబారుతుందట. ముందు దీపాల చుట్టూ పొగలా వచ్చింది. తర్వాత పేపర్లో అక్షరాలు అలుక్కుపోయాయి.

అయితే చెప్పొచ్చు కదా అంటారా? పక్క మంచం డ్రైవర్ బాబాయిని చూశాక ఎవరికి నోరు పెగులుతుంది! ఆయన ఒకరోజు ఆ గదిలో మూడో వరస దగ్గరే ఆగిపోయాడు. "ఈసారి మందు లేదట, మేస్త్రీ" అని చెప్పి సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ నాన్న వెళ్ళినప్పుడు ఆయన భార్య ఒక్కతే కనిపించింది, చివరి కాగితాలేవో తీసుకుపోవడానికి వచ్చి. ఇంకేముంది! కళ్ళు తప్పితే మందు ఆపేస్తారు, మందు ఆపితే మనిషి పోతాడు. ఎవరూ చెప్పకుండానే ఇద్దరూ లెక్క తేల్చేసుకున్నారు. ఎవరినైనా అడుగుదామా అని చిట్టికి ఒకటి రెండుసార్లు అనిపించకపోలేదు. అడిగితే, ఎందుకడుగుతున్నావమ్మా అంటారు. దొంగ వెళ్ళి పోలీసుని దారి అడిగినట్టుంటుంది. నోరు మూసుకుంది.

ఆ రోజు నుంచి చిట్టి నాన్న వెంట గదిలోకి వెళ్ళి, తోడుకొచ్చినవాళ్ళు కూర్చునే స్టూలు మీద కూర్చుని, వరసలన్నీ నోటికి ఎక్కించుకుంది. ఆ గదిలో ఉన్నది ఒకటే పెట్టె. నాన్నకి చదువు అంతంత మాత్రం, కానీ కత్తెర తాళం మీద ఏదైనా ఇట్టే పట్టేస్తాడు. ఒకసారి పరీక్ష చేసే అమ్మాయి సరదాకో మరెందుకో వెనకనుంచి చదవమంది. ఆ పూట ఎలాగో గట్టెక్కి వచ్చి, వెనకనుంచి కూడా నేర్చేసుకున్నాడు.

"రేపు చెబుతాను చూడు, నీళ్ళు తాగినంత తేలిగ్గా చెబుతాను" అన్నాడు నాన్న, గుమాస్తా మెడ మీద బ్రష్షుతో దులుపుతూ. బ్రష్షు సగం మెడ మీద, సగం గాలిలో ఆడుతోంది. చిట్టి తెర పక్కకి లాగి వచ్చి, ఆయన చేయి కాస్త కుడికి జరిపింది.

*

కళ్ళ పరీక్ష చేసే అమ్మాయికి పట్టుమని పాతికేళ్ళు ఉండవు. పొద్దున్నుంచీ ఒకరి తర్వాత ఒకరిని కూర్చోబెడుతూనే ఉంటుంది, గొంతు బొంగురుపోయి ఉంటుంది. అయినా నాన్నని చూస్తే మాత్రం మొహం విప్పారుతుంది.

"రండి మేస్త్రి గారూ! మా అన్నయ్య పెళ్ళికి ఒప్పుకోవట్లేదు, మీరోసారి క్రాఫు చేస్తే దారికొస్తాడేమో."

"పంపించమ్మా. క్రాఫుకి దారికి రాకపోతే కత్తి చూపిస్తాను."

నాన్న కుర్చీలో సర్దుకున్నాడు. కుర్చీ ఎక్కడుందో ఆయన కాలితో వెతుక్కోవడం చిట్టి చూసింది, ఆ అమ్మాయి అప్పుడు దీపాలు ఆర్పడానికి అటు తిరిగి ఉంది. గది చీకటయింది. పెట్టె వెలిగింది.

"కుడి కన్ను మూసుకోండి. ఊఁ, పైనుంచి."

"ఆరు" అన్నాడు నాన్న. మోకాలి మీద ఉన్న చేతిలో చూపుడువేలూ మధ్యవేలూ ఒకసారి విడిపోయి కలిశాయి. "మూడు, ఎనిమిది." వేళ్ళు రెండుసార్లు కలిశాయి. చేతులు కదపకు నాన్నా అని చిట్టి వెయ్యిసార్లు చెప్పింది. కత్తెర లేకపోతే ఆయనకి అంకె నోటికి రాదు, ఏం చేస్తాడు! ఆ అమ్మాయి వేళ్ళ వంక చూసింది, ఒక క్షణం ఆగింది, తర్వాత పెట్టె వంక చూసింది. నాన్న ఆఖరి వరసదాకా గడగడా చదివేశాడు. ఎడమ కన్ను మూసుకుని మళ్ళీ చదివేశాడు.

"భలే, మేస్త్రి గారూ! నాకన్నా బాగా కనపడుతోంది మీకు" అంటూ దీపాలు వేసింది.

గడ్డం ఆనించే యంత్రం దగ్గర కళ్ళ డాక్టరు కూడా చూశాడు. ఆయన రాసిందాన్ని పెద్ద డాక్టరు చదివి, "పొర మీద చుక్కలున్నాయంటున్నారు. కానీ చూపు చెక్కుచెదరలేదు కదా, ఇబ్బందేం లేదు" అంది. ఆవిడ మొహం సంతోషంతో వెలిగిపోతోంది. "ఈ మోతాదులో కళ్ళు నిలబడ్డది మీకే మేస్త్రి గారూ. మీ కళ్ళు మాకెంత ధైర్యమిచ్చాయో మీకు తెలీదు."

నాన్న తలొంచుకుని నవ్వాడు.

మందు ఎక్కిస్తుంటే మంచినీళ్ళ కోసం బయటికొచ్చింది. వరండాలో బల్ల మీద ఒక టీచరమ్మ కూర్చుని, ఒళ్ళో అట్ట పెట్టుకుని, పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతోంది. తలకి గుడ్డ చుట్టుకుంది. ఎర్ర పెన్ను చకచకా పోతోంది. చిట్టిని చూసి పక్కకి జరిగి చోటిచ్చింది.

"మేస్త్రి గారమ్మాయివి కదూ? నాదీ మీ నాన్నగారి జబ్బే. ఇవాళే మొదటి మందు." పెన్ను మూత పెట్టి మళ్ళీ తీసింది. "ఒప్పుకోవాలా వద్దా అని నెల రోజులు కొట్టుకుపోయాననుకో. కళ్ళు పోతాయంటే బడి ఎలా, పిల్లలెలా అని ఒకటే బెంగ. ఇలా ఒక పెద్దాయన ఉన్నాడు, నిండు మోతాదు తీసుకుంటున్నాడు, కళ్ళు నిక్షేపంలా ఉన్నాయి అని డాక్టరమ్మ చెప్పింది. పేరు చెప్పలేదులే. కానీ మీ నాన్నగారు ఆఖరి వరస చదవడం ఇందాక ఇక్కడికి వినిపించింది. అప్పుడు ప్రాణం కుదుటపడింది."

చెప్పేద్దామని చిట్టి పెదవులు విడిపోయాయి. చెబితే లోపల నాన్న చేతికున్న సూది అప్పటికప్పుడే పీకేస్తారు. చెప్పకపోతే ఈవిడ గతేం కాను! టీచరమ్మ పేపరు తిప్పుతూ, "చూడు వీడి రాత! కోడి గెలికినట్టు ఉంది. అయినా నాకు కనపడుతోంది కదా, అదే పదివేలు" అని నవ్వింది.

"నీళ్ళు తెస్తానండీ" అని చిట్టి లేచి వచ్చేసింది. సీసా నిండి పొర్లిపోతున్నా పంపు కట్టలేదు.

*

తర్వాత రోజుల్లో నాన్న చూపు ఇంకా దిగజారింది. అద్దంలో తన మొహమే తనకి ముద్దగా కనపడుతోందన్నాడు. కళ్ళలో ఇసుక పోసినట్టుందని చుక్కల మందు వేయించుకుంటూ, "ఇంకో రెండు చుక్కలెయ్యి, ఉచితమేగా" అని హాస్యమాడాడు. జోకు వేసినంతసేపూ బల్ల అంచుని పట్టుకునే ఉన్నాడు.

షాపులో అందరి పనీ ఆయన చేతి స్పర్శ మీదే సాగుతోంది. ఎడమ చేతి వేళ్ళు ముందు తల మీద నడుస్తాయి, ఎక్కడ దట్టంగా ఉందో, సుడి ఎటు తిరిగిందో చూసుకుంటాయి, వాటి వెంట కత్తెర వస్తుంది. వేళ్ళ మీద అక్కడక్కడ కత్తెర గాట్లు. గడ్డాలు చిట్టి చేస్తానంది. ఆయన ఒప్పుకోలేదు.

ఒక ఉదయం గుమాస్తా వచ్చాడు. చెవి పక్కన సవరిస్తుంటే కత్తి జారింది. "హమ్మా!" అని గుమాస్తా లేచి నిలబడ్డాడు. తెల్ల గుడ్డ మీద రక్తం బొట్లు బొట్లుగా పడింది. నాన్న కత్తి పట్టుకుని అలాగే నిలబడిపోయాడు, ఏం జరిగిందో ఆయనకి కనపడలేదు.

"తెగిందా సార్? ఎక్కడ? ఎంత?" అని చేయి చాపి గాలిలో వెతికాడు.

చిట్టి పరుగెత్తుకొచ్చి పటిక రాసి దూది అదిమింది. గుమాస్తా అద్దంలో చెవి చూసుకున్నాడు, తర్వాత వెనక్కి తిరిగి మేస్త్రి కళ్ళలోకి చూశాడు. మంచి మనిషి. "ఫరవాలేదులే మేస్త్రీ, నేనే కదిలాను" అన్నాడు. ఆయన కదల్లేదని ముగ్గురికీ తెలుసు. పోతూ పోతూ చిట్టితో, "ఆయన్ని కాస్త కూర్చోబెట్టమ్మా" అని మాత్రం అన్నాడు.

నాన్న కత్తి మడిచి పెట్టి, సొరుగు తెరవబోయి, బల్లకి చేయి కొట్టుకున్నాడు.

"చిట్టీ, నువ్వెక్కడున్నావే?"

"నీ ఎదురుగానే ఉన్నాను నాన్నా."

"ఓహో." కొట్టుకున్న చేయి రుద్దుకున్నాడు. "ఆపేద్దామా?"

"ఆపేస్తే ఏమవుతుందో తెలుసు కదా నీకు!" చిట్టి గొంతు కీచుగా వచ్చింది. "కళ్ళు లేకపోతే నేను చేయి పట్టుకుని నడిపిస్తాను. నువ్వే లేకపోతే నేనెవరి చేయి పట్టుకోవాలి?"

మోకాలి మీద నాన్న వేళ్ళు విడిపోయి కలిశాయి. "ఆరు" అన్నాడు.

*

మళ్ళీ మందుకి వెళ్ళిన రోజు టీచరమ్మ వాళ్ళకన్నా ముందే వచ్చి ఉంది. ఒళ్ళో పేపర్లు లేవు. నల్లద్దాలు పెట్టుకుంది. కళ్ళ గది తలుపు ఓరగా ఉంది, ఆవిడ లోపలికెళ్ళి కూర్చోవడం, దీపాలు ఆర్పడం వినపడ్డాయి.

"ఆరు" అంది టీచరమ్మ, పిల్లలకి పాఠం చెప్పే గొంతుతో. "మూడు, ఎనిమిది."

వరండాలో బల్ల మీద నాన్న పెదవులు కదిలాయి.

"ఐదు... రెండు... ఇది సున్నానా, తొమ్మిదా?"

తొమ్మిది అనుకున్నాయి నాన్న పెదవులు.

"లేదమ్మా, కనపట్టంలేదు. అలుక్కుపోయింది" అంది లోపల టీచరమ్మ. నాన్న వేళ్ళు మాత్రం ఆగలేదు, నాలుగు, ఏడు, మూడు, ఆరు అని ఆడుతూనే ఉన్నాయి. చిట్టి చప్పున వాటి మీద తన చేయి వేసి మూసేసింది. చేసిందంతా చేసి ఆవిడ మొహం ఎలా చూడాలో అర్థం కాలేదు. డ్రైవర్ బాబాయి సంచీ కళ్ళ ముందు మెదిలింది.

కాసేపటికి టీచరమ్మ పెద్ద డాక్టరు గదిలోంచి బయటికొచ్చింది. ఏడుస్తుందనుకుంది చిట్టి. ఏడవడం కాదు కదా, విసుక్కుంటోంది.

"పొద్దున్నే బస్సు పట్టుకుని పడుతూ లేస్తూ వస్తే ఇవాళ మందు లేదట!"

"అయ్యో" అంది చిట్టి, నిజంగానే కళ్ళలో నీళ్ళు తిరిగి.

"అయ్యో ఏముందే, పిచ్చిదానా! ఆపేయడం కాదు, ఈసారికి మానేయడమే. ఒకటి రెండు నెలల్లో పొర మళ్ళీ తేటపడుతుందట. అప్పుడు సగం మోతాదు ఇస్తారు. సగమైనా జబ్బు మీద బాగానే పనిచేస్తుందట. మొదట్లోనే చెప్పారు కదా, నేనే మర్చిపోయాను."

చిట్టికి కాసేపు ఏమీ వినపడలేదు.

"మరి డ్రైవర్ గారు..." అంది, మందు బండి తోసుకుపోతున్న నర్సుని ఆపి. "ఆయనకి మందు ఆపేస్తేనే కదా..."

"ఎవరు, ఆ పెద్దాయనా? పాపం, ఆయన ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి పోయాడమ్మా. అప్పుడు ఊళ్ళో చాలామందికి వచ్చిన జ్వరమే. మందుకీ దానికీ సంబంధం లేదు." నర్సు బండి తోసుకుని వెళ్ళిపోయింది.

చిట్టి నాన్న పక్కన కూలబడింది. ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ముందు నవ్వే వచ్చింది. ఆయన చెవి దగ్గరికి వంగి, "నాన్నా, నిజం చెప్పేద్దాం. తిడితే తిట్టనీ, కాళ్ళ మీద పడతాను. కళ్ళు బాగయ్యేదాకా ఆగి సగం ఇస్తారట నాన్నా! కళ్ళూ ఉంటాయి, నువ్వూ ఉంటావు" అంది. ఒక్కో మాటకీ గొంతు పైకి లేచిపోతోంది.

"నిజంగానా?" అన్నాడు నాన్న. మొహం చిన్నపిల్లాడి మొహంలా అయిపోయింది. "ఇన్నాళ్ళూ మరి ఎందుకే ఈ పాట్లు పడ్డాం?"

లోపలికి పిలిచారు. ఈసారి చిట్టి చేయి పట్టుకునే తీసుకెళ్ళి కూర్చోబెట్టింది, దాచలేదు. దీపాలు ఆరాయి, పెట్టె వెలిగింది.

"పైనుంచి, మేస్త్రి గారూ."

నాన్న రెండు చేతులూ మోకాళ్ళ మీద బోర్లించి కదలకుండా పెట్టాడు. "ఎదురుగా వెలుగుందమ్మా" అన్నాడు. "అంతకన్నా ఏమీ కనపడదు."

"పెద్ద అంకె?"

"ఆరు అని నాకు తెలుసు. కనపడదు."

ఆ అమ్మాయి చప్పున దీపం వేసింది. చిట్టి లేచి నిలబడి, తనే బట్టీ పట్టించానని, తప్పంతా తనదేనని గుక్కతిప్పుకోకుండా చెప్పేసింది. ఆ అమ్మాయి మొహం పాలిపోయింది. "మీ వేళ్ళు ఆడటం చూశాను మేస్త్రి గారూ. చేతి అలవాటేమో అనుకున్నాను" అంది. చివరి మాటలు సరిగా వినపడలేదు.

పెద్ద డాక్టరు వచ్చింది. తిడుతుందనుకుంటే తిట్టలేదు. తానే యంత్రం ముందు కూర్చుని నాన్న గడ్డం పట్టుకుని ఆనించి, చాలాసేపు చూసింది. చిట్టి చేతులు కట్టుకుని నిలబడి, సగం, సగం అని లోపల జపం చేస్తోంది.

"సగం మోతాదైనా ఇస్తారు కదండీ?" అని అడిగేసింది, ఆవిడ తల ఎత్తకముందే.

పెద్ద డాక్టరు కుర్చీ వెనక్కి జరుపుకుంది. "చూపు కాస్త తగ్గినప్పుడు ఆపి, తేటపడ్డాక సగం ఇస్తాం తల్లీ. పొర మీద పుండ్లు పడేదాకా వస్తే ఇక ఈ మందు ముట్టుకోకూడదు. రెండు కళ్ళకీ పడ్డాయి."

"ఎప్పటికీనా?"

"ఎప్పటికీ. నేను ఇద్దామన్నా ఇవ్వనివ్వరు. ఇవ్వకూడదు కూడా." ఆవిడ కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది. "మొదటిసారి మసక వచ్చినప్పుడు ఒక్క మాట చెప్పి ఉంటే..." అని, మిగతాది అనలేక ఆపేసింది. "మేమైనా సరిగా చెప్పి ఉండాల్సింది. చదివి వినిపించాం, అర్థమైందా అని అడిగాం, మీరు తల ఊపారు. అంతటితో వదిలేశాం."

"వేరే మందు?"

అన్ని మందులూ అయిపోయాకే కదా దీని దగ్గరికి వచ్చింది! ఆ సంగతి చిట్టికి మాత్రం తెలియదా. అయినా అడిగింది. ఇంకోసారి కూడా అడిగింది.

"డాక్టరమ్మా" అన్నాడు నాన్న, ఆవిడ ఉన్న వైపుకి కాస్త పక్కగా మొహం తిప్పి, "ఆ టీచరమ్మకి సగమిస్తారుగా?"

"ఇస్తామండీ. మీరు చెప్పబట్టి ఇక ఎవరికీ నిండు మోతాదు ఇవ్వం."

"హమ్మయ్య" అన్నాడు నాన్న.

*

మర్నాడు షాపు తెరిచారు. ఇంట్లో కూర్చుని ఏం చేస్తాం పద అని ఆయనే అన్నాడు. ఎవరూ రాలేదు. చిట్టి కుర్చీ దుమ్ము దులిపి, నాన్నని భుజాలు పట్టి అందులో కూర్చోబెట్టింది. ఇన్నేళ్ళ నుంచి షాపు నడుపుతున్నాడన్న మాటే గానీ, తన కుర్చీలో తనెప్పుడూ కూర్చుని ఎరగడు.

"మెత్తగానే ఉందే!" అన్నాడు, చేతులానించే చోట తడుముకుంటూ. "అందుకే గుమాస్తా కునుకు తీస్తాడు."

"తల కదపకు."

మెడ చుట్టూ గుడ్డ కట్టింది. చెవుల పక్కన జుట్టు పెరిగిపోయి ఉంది, నాలుగు రోజుల గడ్డం తెల్లగా ఉంది. దువ్వెనతో ఎత్తి కత్తెర ఆడించింది. ఆయన నేర్పిన పనే, ఇప్పుడు ఆయన తల మీద. గుడ్డ కింద ఏదో కదిలింది. వేళ్ళు. చిట్టి కత్తెర ఆపితే అవీ ఆగాయి, కత్తెర ఆడితే అవీ ఆడాయి.

"ఆరు" అన్నాడు నాన్న, కళ్ళు మూసుకుని. "మూడు, ఎనిమిది."

"వద్దు నాన్నా."

"ఐదు, రెండు, తొమ్మిది. నాలుగు, ఏడు, మూడు, ఆరు." కాస్త ఆగాడు. చిట్టి కత్తెర గాలిలో పట్టుకుని నిలబడింది, అద్దంలో ఆయన మొహం అలుక్కుపోయి కనపడుతోంది తనకి.

"తొమ్మిది, ఐదు, ఎనిమిది, రెండు, నాలుగు" అన్నాడు నాన్న. "చూశావా, ఒక్కటి కూడా తప్పలేదు."